కమ్మదనం ఆరు రుచుల్లో లేదేం?

ఉగాది వచ్చిందంటే చాలు, పంచాంగం చదివే పంతులుగారి దగ్గర్నుంచి టీవీలో పట్టుచీర కట్టుకున్న యాంకరమ్మ దాకా అందరూ ఆరు రుచులూ అప్పజెబుతారు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఆయుర్వేదం చెప్పిన లెక్కా ఇదే. మధురం, ఆమ్లం, లవణం, కటువు, తిక్తం, కషాయం. కొత్త బెల్లం, కొత్త చింతపండు, వేపపువ్వు, మామిడి పిందె అంటూ ఒక్కో రుచికీ ఒక్కో వస్తువు పచ్చట్లో పడుతుంది. అంతా బాగానే ఉంది. కానీ మన ఇళ్ళలో అన్నం తినేవాళ్ళ నోట మనం వినాలని ఎదురుచూసే మాట ఇందులో ఏదీ కాదు. పప్పు తియ్యగా ఉందనో, చారు వగరుగా ఉందనో అంటే మనం సంతోషించం కదా. "కమ్మగా ఉంది" అంటే సంతోషిస్తాం. ఆ కమ్మదనం ఈ ఆరింటిలో ఎక్కడుంది? వెతికి చూడండి, ఎక్కడా లేదు.

ఏయే పదార్థాలకి ఈ మాట వాడతామో ఒకసారి వంటింట్లో నిలబడి లెక్కేసుకుంటే సంగతి కొంత తెలుస్తుంది. వెన్న కాచి దించిన నెయ్యి కమ్మన. మీగడ కమ్మన. గానుగలో ఆడించిన నువ్వులనూనె కమ్మన. వేయించిన కందిపప్పు, పచ్చికొబ్బరి, పలాస జీడిపప్పు అన్నీ కమ్మనే. పెరుగు విషయంలో అయితే ఈ మాటకి గట్టి పని ఉంది. కమ్మటి పెరుగు అంటే పులవని పెరుగు. "పెరుగు కమ్మగా ఉందా, పులిసిందా?" అని అడుగుతాం గానీ "తియ్యగా ఉందా?" అని ఎవరూ అడగరు. బెల్లం ముక్క తియ్యన, కమ్మన కాదు. అదే బెల్లం పాకంలో నెయ్యి పడి ఏలక్కాయ పొడి తగిలిందనుకోండి, అప్పుడది కమ్మన. ఉప్పు ఎంత మంచిదైనా కమ్మటి ఉప్పు అనం. చింతపండు ఎంత పాతదైనా కమ్మటి చింతపండు అనం. మిరపకాయా అంతే.

గమనించారా? కమ్మన అన్నవాటన్నింటికీ ఒక వాసన ఉంది. కాచినప్పుడో, వేయించినప్పుడో, పోపు పడ్డప్పుడో అది బయటికొస్తుంది. ఉప్పుకీ బెల్లానికీ నాలుక మీద పెడితే గానీ జాడ తెలీదు. నెయ్యి కాస్తుంటే వీధరుగు మీద కూర్చున్నవాళ్ళకి కూడా తెలుస్తుంది.

ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు చూసినా అదే తేలుతుంది. పాత నిఘంటువుల్లో కమ్మనకి పరిమళం గలది అన్న అర్థం ఉంది. కావ్యాల్లో కమ్మగాలి అంటే పూలవాసన మోసుకొచ్చే గాలి. మన్మథుడికి కమ్మవిల్తుడు అని పేరు, పూవిల్లు పట్టుకున్నవాడు కాబట్టి. (తాటికమ్మ, చెవికమ్మ ఇవి వేరే. వాటి గొడవ ఇక్కడొద్దు.) తమిళంలో కమళ్ అంటే పరిమళించడం. 1961లో బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల మాటలన్నీ కుటుంబాలుగా విడదీసి ఒక పెద్ద నిఘంటువు వేశారు. అందులో తమిళ కమళ్, మన కమ్మన ఒకే ఇంటి పిల్లలు. అదే ఇంట్లో ఇంకో పిల్ల కూడా ఉంది. ఎవరో చెప్తే నవ్వుతారు. కంపు!

అవునండీ, కమ్మన, కంపు అక్కచెల్లెళ్ళు. కన్నడం వాళ్ళకి ఈ రోజుకీ కంపు అంటే సువాసనే. మల్లెపువ్వు కంపు అని వాళ్ళు మురిసిపోతూ రాసుకుంటారు. బెంగుళూరులో కాపురం పెట్టిన తెలుగు కోడళ్ళకి మొదట్లో ఇది భలే తమాషాగా ఉంటుంది. పక్కింటావిడ మన తలలో పూలు చూసి ఎంత కంపు అందంటే మెచ్చుకున్నట్టు! ఒకే మాట అక్కడ మంచి వాసనా, ఇక్కడ చెడ్డ వాసనా అయిందంటే ఒకప్పుడది ఉత్త వాసనే అయి ఉండాలి. తర్వాత మన దగ్గర ఆస్తి పంపకం జరిగినట్టు జరిగింది. మంచి వాసనంతా కమ్మన పట్టుకుపోయింది, చెడ్డదంతా కంపు నెత్తిన పడింది.

వాసన మాటలకి ఈ గతి పట్టడం మన భాషలోనే కాదు. పారసీలో బూ అంటే వాసన. మంచిదైతే ఖుష్బూ, చెడ్డదైతే బద్బూ. హిందీలో మాత్రం ఒట్టి బూ అన్నా ముక్కు మూసుకోవాల్సిందే. ఇంగ్లీషువాళ్ళ స్టింక్ కూడా వెయ్యేళ్ళ కిందట పూలకీ వాడిన మాటే. అంతెందుకు, మనం "ఏదో వాసనొస్తోంది" అన్నామంటే ఫ్రిజ్ తెరిచి వెతకడం మొదలెడతాం. వాసన అనే సంస్కృతపు మాట కూడా మెల్లగా కంపు దారి పట్టిందన్నమాట. కమ్మన ఒక్కటే ఆ జారుడు నుంచి తప్పించుకుంది. ఎలా తప్పించుకుందంటే, ముక్కు దగ్గర ఆగకుండా నాలుక మీదికి దిగిపోయి రుచి మాటల్లో చేరిపోయింది.

ఇంత వయసున్న మాట ఇది. దీని పక్కన కారం చిన్నపిల్ల. మాట పాతదే గానీ ఇప్పుడు మనం కారం అనగానే తలుచుకునే మిరపకాయ ఈ నేలది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, 1498లో వాస్కో డ గామా కేరళ తీరం చేరాక, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికొచ్చింది. అంతకుముందు ఘాటంతా మిరియాలదే. అందుకే కొత్తగా వచ్చిన కాయకి మిరియాల పేరే తగిలించి మిరపకాయ అన్నారు. నన్నయ రాజమహేంద్రవరంలో భారతం రాసిన 11వ శతాబ్దంలో ఏ తెలుగింట్లోనూ ఎర్రటి ఆవకాయ లేదు. నెయ్యి, నువ్వులు, పాలు, పెసలు ఉన్నాయి. కమ్మదనానికి కావలసినవన్నీ ఉన్నాయి.

ముక్కుకీ కమ్మదనానికీ ఉన్న ఈ చుట్టరికం పుస్తకాల్లో చదివితే ఒక రకం, ఇంట్లో చూస్తే ఇంకో రకం. 2021 వేసవిలో కరోనా రెండోసారి ఊరంతా తిరిగినప్పుడు మా అత్తమ్మకి కూడా వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది, ఊపిరికి ఇబ్బంది కాలేదు. వాసన మాత్రం పోయింది. పథ్యం పెట్టిన పదోరోజున పెసరపప్పులో ఇంగువ పోపు వేసి, ఇంత నెయ్యి వేసి కలిపి పెట్టాను. నాలుగు ముద్దలు తిని కంచం పక్కకి జరిపేసింది.

"ఉప్పు తెలుస్తంది, పులుపు తెలుస్తంది, కారం నాలిక్కి మండతంది. కమ్మ మాత్రం తెల్డం నేదమ్మా. నాలిక బతికే ఉంది, ముక్కు సచ్చిపోనాది" అంది.

ఆవిడ మూడో తరగతి దాటి చదవలేదు. డాక్టర్లు చెప్పేది కూడా అచ్చంగా అదే. నాలుకకి తెలిసే రుచులు చాలా తక్కువ. కారం అసలు రుచే కాదు, మంట. అందుకే వాసన పోయినవాళ్ళకి కూడా కారం తెలుస్తుంది. మనం రుచి అనుకునే దాంట్లో చాలా భాగం నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కే వాసన. అది పోతే పప్పుకీ పిండికీ తేడా ఉండదు.

అలా మూడు నెలలు గడిచాయి. నలభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి గ్యాస్ లీకైనా తెలీదని భయపడి వంటింట్లోకి రావడం మానేసింది. పాలు విరిగాయో లేదో నన్నడిగేది. అన్నం సగానికి సగం తగ్గిపోయింది. ఏం వండను అనడిగితే "ఏటైతేనేటి, అన్నీ ఒకటే" అనేది. బరువు తగ్గింది, మాటలూ తగ్గాయి. చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, లవంగం, నిమ్మ, గులాబీ, యూకలిప్టస్ నూనె రోజుకి రెండుసార్లు వాసన చూపించమన్నారు. ముక్కుకి మళ్ళీ అక్షరాలు దిద్దించడం లాంటిదట. పొద్దున్నొకసారి, రాత్రొకసారి మా అమ్మాయి సీసాలు పట్టుకుని నానమ్మ ముందు కూర్చునేది.

ఒకరోజు నేను ఉల్లిపాయలు వేయిస్తుంటే లోపల్నించి కేకేసింది. "ఏటే ఈ కంపు? ఏటి మాడ్చీసినావు?" ఏదీ మాడలేదు. ఉల్లిపాయలు బంగారం రంగులో ఉన్నాయి. పోయిన ముక్కు తిరిగొచ్చేటప్పుడు అలాగే తిరకాసుగా వస్తుందని డాక్టరు ముందే చెప్పారు. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి కొన్నాళ్ళు దుర్వాసన కొడతాయట. ఆ కంపు అన్న మాటకి మా ఇంట్లో అందరం పండగ చేసుకున్నంత పని చేశాం. ముందు కంపొచ్చింది, నెయ్యి కమ్మదనం రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి వెనకొకరు పుట్టింటికొచ్చినట్టు.

ఆ రోజుల్లో ఆవిడ పక్కన కూర్చుని నేను తెలుసుకున్నది ఇంకోటుంది. మన పెద్దవాళ్ళు ముక్కుతో వండారు. నైవేద్యానికి వండేది దేవుడికి పెట్టకముందు నోట్లో వేసుకోకూడదు. పండగరోజు పులిహోరలో ఉప్పు సరిపోయిందో లేదో వండినావిడ మూత తీసి ఆవిరి పీల్చి చెప్పేది. మగవాళ్ళ పంక్తి లేచి, పిల్లలు తిని, పనివాళ్ళకి పెట్టాక గానీ తన విస్తరి వేసుకునేది కాదు. అప్పటికి మిగిలేది అడుగూ బొడుగూ. పొద్దున్నించి తను వండిన దాంట్లో తనకి దక్కినది ఆవిరే. ఆడవాళ్ళ సంగతిలో కమ్మదనం వాసన మాటగానే చాలాకాలం మిగిలిపోయి ఉంటుందని నాకనిపిస్తుంది. తిన్నవాళ్ళకి అది రుచి, వండినవాళ్ళకి అది వాసన.

ఇంకా కఠినమైన సంగతులున్నాయి. మా విజయనగరంలో గురజాడ అప్పారావుగారు రాసిన కన్యాశుల్కం మీరు చదివే ఉంటారు. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో పెంచి మళ్ళీ రాశారు. అందులో పూటకూళ్ళమ్మ ఉంది కదా. గిరీశం చేతిలో మోసపోయి చీపురు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళే ఆవిడని చూసి మనం నవ్వుకుంటాం. ఆవిడ వితంతువు. ఆ కాలంలో మొగుడు పోయి, ఆధారం లేని బ్రాహ్మణ స్త్రీకి తెలిసిన విద్య వంట ఒక్కటే. ఊరికి కోర్టు పనిమీదో చదువుకోసమో వచ్చినవాళ్ళకి డబ్బుకి అన్నం పెట్టి బతకాలి. "ఆవిడ చెయ్యి కమ్మటి చెయ్యి" అన్న పేరే ఆవిడకి పెట్టుబడి. తనేమో ఒంటిపూట భోజనం, ఉల్లీ వెల్లుల్లీ ముట్టకూడదు, నోరూరే వాటి మీద మనసు పడకూడదు. పదిమందికీ కమ్మగా వండి, ఆ కమ్మదనం తనకి నిషిద్ధమైన ఆడవాళ్ళు మన ప్రాంతంలో ఎంతమంది గడిచిపోయారో ఏ పుస్తకం లెక్క రాయలేదు.

ఇక్కడ నాకు జపాన్ సంగతి చెప్పాలనుంది. మా అమ్మాయి ఉద్యోగానికి పనికొస్తుందని జపనీస్ నేర్చుకుంటోంది. వాళ్ళకీ మన కమ్మనలాంటి మాట ఉంది. ఓయిషీ. సినిమాల్లో, కార్టూన్లలో ఏం తిన్నా కళ్ళు మూసుకుని ఓయిషీ అంటారు చూడండి, అదే. ఆ మాట పుట్టింది ఆడవాళ్ళ నోట. ఆరువందల ఏళ్ళ కిందట, మురోమాచి కాలం అంటారు, చక్రవర్తి కొలువులో పనిచేసే స్త్రీలు తమలో తాము ఒక ప్రత్యేకమైన భాష మాట్లాడుకునేవారు. తిండి గురించి, బట్టల గురించి, ఇంట్లో వస్తువుల గురించి మొరటుగా అనకుండా మెత్తగా చెప్పడానికి. అప్పటికి ఇషి అనే మాట ఉంది, బాగుంది అని అర్థం. దానికి ముందు గౌరవానికి ఓ అని చేర్చారు. మనం అమ్మగారు, అయ్యగారు అని గారు చేర్చినట్టు. ఓయిషీ అయింది. అన్నం పక్కన తినే కూరల్ని ఓకజు అనడం, అన్నం వడ్డించే గరిటెని షామోజి అనడం కూడా ఆ ఆడవాళ్ళు పెట్టిన పేర్లే. లోపలి గదుల్లోంచి బయల్దేరి అవి వీధిలోకొచ్చి, ఇవాళ దేశమంతా వాడుతోంది.

మగవాళ్ళు ఎక్కువగా వాడే ఇంకో పాత మాట ఉంది, ఉమై. కొంచెం మొరటు. అది కూడా నాలుక మీదే ఉండిపోలేదు. పనితనం గలవాణ్ణి, బాగా పాడేవాణ్ణి, బాగా బొమ్మ గీసేవాణ్ణి కూడా ఉమై అంటారు. టోక్యో విశ్వవిద్యాలయంలో కికునే ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త ఈ ఉమైలోంచే ఒక కొత్త పేరు తీశాడు. వాళ్ళ చారుకి మూలం కొంబు అనే సముద్రపు నాచు. ఆ నాచు కాచిన నీళ్ళకి తీపి, పులుపు, ఉప్పు, చేదు ఏదీ కాని రుచి ఒకటి ఉంది, అదేమిటని వెతికి, 1908లో గ్లుటమేట్ అని తేల్చాడు. ఆ రుచికి ఉమామీ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే అది అజినొమోటో పొడిగా దుకాణాల్లోకొచ్చింది. ఇకెదా దగ్గర చదువుకున్న కొదమా 1913లో ఎండబెట్టిన చేపలో అలాంటిదే ఇంకో పదార్థం కనిపెట్టాడు. వాళ్ళు సూర చేపని పొగబెట్టి, కర్రలా గట్టిపడేదాకా ఎండబెట్టి, రంపంపొట్టులా తురిమి చారులో వేస్తారు. జపాన్ వంటకి పునాది ఆ నాచూ ఆ ఎండు చేపే.

ఎండు చేప అనగానే మీలో సగంమంది ముక్కు చిట్లించి ఉంటారు, మిగతా సగానికి నోరూరి ఉంటుంది. ఇదిగో, కమ్మనా కంపూ ముఖాముఖీ తేల్చుకునేది ఇక్కడే.

నేను పుట్టింది కళింగపట్నం దగ్గర. బందరువానిపేట నుంచి భావనపాడు, బారువ దాకా సముద్రం ఒడ్డున ఇసకలో నెత్తళ్ళు ఆరబోసి ఉండేవి. తట్టలో పెట్టుకుని అమ్మొచ్చే అప్ప కేకకి మా అమ్మ గిన్నె పట్టుకుని బయటికొచ్చేది. ముందు ఒక చేప తుంచి వాసన చూసేది. సరిగ్గా ఎండితే కమ్మన, తడి మిగిలితే కవుచు. ధర సంగతి తర్వాత. నెత్తళ్ళు పెనం మీద వేయించి, తలలు తుంచి, వంకాయతో పులుసు పెడితే వానాకాలంలో, కూరగాయలు దొరకని రోజుల్లో ఇంటిల్లిపాదికీ అదే అమృతం. చోడి అంబలితో ఒక్క వేయించిన నెత్తలు కొరుక్కుంటే పొలంలో మధ్యాహ్నం దాకా ఆకలనేది ఉండేది కాదు.

ఇప్పుడు నేనుంటున్న అపార్టుమెంటులో నాలుగేళ్ళ కిందట వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ వచ్చింది. ఎండు చేపలు వేయించేవాళ్ళు తక్కిన కుటుంబాల గురించి ఆలోచించాలట, మెట్లంతా కంపు కొడుతోందట. పేరు పెట్టలేదు గానీ ఆ రోజు వేయించింది మా ఇంట్లోనే. మా ఆయన ఊరుకో అన్నారు. ఊరుకున్నాను. ఆ తర్వాత తలుపులు, కిటికీలు మూసుకుని వేయించడం అలవాటైంది. ఆదివారం మూడో అంతస్తులో వెల్లుల్లి మసాలా, రెండో అంతస్తులో కాలిన నెయ్యి, కింద సాంబ్రాణి. వాటికెవరూ మెసేజీ పెట్టరు. అవన్నీ కమ్మన. మాది కంపు.

ఒక తల్లి కన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు మంచివాళ్ళు, ఒకరు చెడ్డవాళ్ళు ఎలా అయ్యారని పైన అడిగాను కదా. ఇదిగో ఇలాగ. వాసన ఒకటే. పీల్చేవాళ్ళు ఏ ఇంట్లో పుట్టారన్నదాన్ని బట్టి మాట మారుతుంది. టోక్యోలో అదే ఎండు చేప వాసన పేరున్న హోటళ్ళలో వేల రూపాయలకి అమ్ముతారు, మన పిల్లలు అక్కడికెళ్ళి ఫోటోలు పెడతారు. ఎవరి ముక్కు వాళ్ళది, కాదనను. శాకాహారుల ఇబ్బంది నాకు తెలుసు, మెట్ల మీద మా వంట వాసన రాకుండా చూసుకోవడం మర్యాదే. కానీ ఒక ఇంటి అన్నానికి కంపు అని పేరు పెట్టే ముందు ఆ మాటకి ఒకప్పుడున్న అర్థం గుర్తు తెచ్చుకుంటే చాలు.

కమ్మన నాలుక దగ్గర కూడా ఆగలేదు. చెవిలోకెళ్ళింది. కమ్మటి పాట, కమ్మని గొంతు అంటాం. ఆ మాటకి మా విజయనగరం కన్నా తగిన ఊరు లేదు. 1919లో ఇక్కడ మహారాజావారి సంగీత కళాశాల పెట్టారు. హరికథకి పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ అక్కడే మోగింది. ఘంటసాల అక్కడే చదువుకున్నారు, ఈ ఊళ్ళోనే పుట్టిన సుశీలగారూ అక్కడే నేర్చుకున్నారు. సుశీలగారి పాట వింటే ఎవరైనా కమ్మగా ఉందనే అంటారు గానీ తియ్యగా అంటే ఏదో తక్కువైనట్టుంటుంది. తీపి ఎక్కువైతే మొహం మొత్తుతుంది, కమ్మదనం మొత్తదు. చెవి దాటి ఈ మాట నిద్రలోకి కూడా పోయింది. కమ్మగా నిద్రపట్టింది, కమ్మటి కల వచ్చింది. ముక్కు, నాలుక, చెవి, చివరికి కళ్ళు మూసుకున్న నిద్ర. ఉమై నాలుక నుంచి పనితనానికి ఎక్కినట్టే, మన మాట ఒళ్ళంతా తిరిగొచ్చింది.

ఇలాంటి మాటలు బతకాలంటే నోళ్ళలో ఉండాలి. ఆ సంగతి మన జిల్లావాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలోనే పుట్టారు. ఆ రోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ళ నోటి మాటలు రాసుకుని నిఘంటువు కట్టారు. తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా తిరిగి సేకరణ చేయించి మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టారు. మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయం మాటలతో. తర్వాత చేనేత మాటలతో ఇంకోటి. మన భాషని నాలుగు మండలాలుగా విడదీసి, మన విశాఖ, శ్రీకాకుళం వైపుని పూర్వ మండలం అన్నది కూడా ఆయనే. రైతు మాటలకీ నేతగాడి మాటలకీ దక్కిన ఆ గౌరవం వంటింటి మాటలకీ దక్కాలి. తడి, పదును, కవుచు, ముక్కవాసన, సప్పన, కమ్మన. వీటి కొలతలు ఏ గరిటెకీ అందవు. మనం పిల్లలకి చెప్పకపోతే ఇవి పోతాయి.

మా ఇంట్లో పిల్లలు టేస్టీ అంటారు, సూపర్ అంటారు, యమ్మీ అంటారు. తప్పు పట్టను. కానీ టేస్టీ అంటే పిజ్జాకీ అదే, పప్పుకీ అదే, చిప్స్ పొట్లానికీ అదే. కమ్మగా ఉంది అన్నప్పుడు పప్పు వేగిందని, నెయ్యి తాజాదని, పెరుగు పులవలేదని, ఎవరో ఒకరు పొయ్యి దగ్గర కనిపెట్టుకుని ఉన్నారని అంతా కలిపి ఒక్క మాటలో చెప్పినట్టు.

జపాన్ వాళ్ళు భోజనం అయ్యాక గొచిసోసమ అంటారట. అందులో చిసో అంటే అటూ ఇటూ పరిగెత్తడం. మా భోజనం కోసం పరుగులు పెట్టినందుకు దండం అని అర్థం. మనకీ ఒక మాట ఉంది, అన్నదాతా సుఖీభవ. చాలా గొప్ప మాట. కాకపోతే అది ఇంటి యజమానికి వెళ్తుంది. బియ్యం తెచ్చినవాడు కాబట్టి అన్నదాత ఆయనే. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు తల ఎత్తి, వంటింటి గుమ్మం వైపు చూసి "కమ్మగా ఉందమ్మా" అంటే అది మాత్రం నేరుగా వండినావిడకి చేరుతుంది. మన భాషలో వండిన చేతికి మిగిలిన జీతం అదొక్కటే. ఈ పూట అన్నం మీరు వండింది కాకపోతే, ఎవరు వండారో వాళ్ళకి వినపడేట్టు ఆ మాట అనండి.